పచ్చ కర్టెన్ కింద ఫొటోగ్రాఫర్

మా ఆవిడ దృష్టిలో నా కెమెరా ఆవిడకి సవతి. "దానికి మెత్తటి సంచీ, తుడవడానికి పట్టులాంటి గుడ్డ. నా కళ్ళజోడుకి మాత్రం చీర చెంగే గతి" అంటుంది.

నవ్వకండి, కళాకారుడి బాధ కళాకారుడిది. మొన్న పాలు పొంగుతుంటే ఆవిడ "స్టవ్ ఆపండీ!" అని అరిచింది. "ఉండవే, నురగ మీద వెలుగు అద్భుతంగా పడింది" అన్నాను. ఆ పూట ఇంట్లో ఎవరికీ కాఫీ లేదు.

ఇంత కళాతృష్ణ ఉన్నా, మా పేట స్టూడియో వాళ్ళ ప్రదర్శనకి నా ఫొటో ఒక్క ఏడాదీ ఎంపిక కాలేదు. ఆ స్టూడియో యజమానిని అందరూ ఫోకస్ మాస్టారంటారు. నావి చూసి ప్రతిసారీ "ప్రయత్నం బాగుంది" అంటాడు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

ఈసారి మా ఆవిడ పందెం వేసింది.

"ఈ ఏడూ మీ ఫొటో తీసుకోకపోతే కెమెరా నాకిచ్చెయ్యాలి."

"తీసుకుంటే?"

"జన్మలో దాన్ని సవతి అనను."

"సరే!" అన్నాను. అప్పటికే నా బుర్రలో ఊరి చివర చెరువు, దాని మీద ఎగిరే లకుముకి పిట్ట మెదిలాయి.

"ఆదివారం అందరం చెరువు దగ్గరికి పిక్నిక్ వెళ్దామోయ్!"

"మీరా? పిక్నిక్కా? ఏ పిట్ట కోసం?"

పెళ్ళాలకి ఈ దివ్యదృష్టి ఎవరిస్తారో!

"పిట్టేమిటే? పిల్లకి కాస్త గాలి తగులుతుందని."

"మరి సంచీలో హాల్లో ఉండాల్సిన పచ్చ కర్టెన్ ఎందుకుంది?"

"పరుచుకు కూర్చోడానికి" అన్నాను, ఆవిడ కళ్ళలోకి చూడకుండా.

చెరువు చేరగానే నీళ్ళలో ఒక కర్ర పాతాను. పిట్ట వచ్చి దాని మీదే వాలాలి మరి. రెల్లులో బోర్లా పడుకుని, కర్టెన్ ముసుగేసుకుని, లెన్సు మాత్రం బయటపెట్టాను. "ఎవరూ నోరెత్తకండి. మనిషి గొంతు వింటే పిట్ట రాదు" అని ఆజ్ఞ జారీ చేశాను.

గట్టు మీంచి మా అత్తగారి గొంతు వినిపించింది. "అల్లుడుగారికి ఒంట్లో బాగాలేదేమిటే? బురదలో పడుకున్నారు?"

"నువ్వూరుకో అమ్మా, ఆయన జబ్బు పాతదే."

నా కొంగజపం మొదలైంది. మెడ పట్టేసింది, కాళ్ళు తిమ్మిరెక్కాయి. కర్ర మాత్రం కర్రలాగే ఉంది. అంతలో లెన్సు మీద ఏదో చప్పుడైంది. గాలికి ఆకు రాలిందనుకున్నాను.

పక్కనుంచి కిసుక్కుమని నవ్వు.

"ష్! నవ్వితే పిట్ట రాదే!"

"నవ్వంలెండి. మీరలాగే ఉండండి, అస్సలు కదలకండి."

నా కళని ఆవిడ గౌరవించడం అదే మొదటిసారి. నాకు కళ్ళు చెమర్చాయి.

"నాన్నా, నీ..." అని మా అమ్మాయి ఏదో అనబోతే, వాళ్ళమ్మ నోరు మూసేసింది.

చూద్దామని తలెత్తాను. నా ముక్కు ముందు నుంచి నీలంగా ఏదో రివ్వున ఎగిరింది. ఉలిక్కిపడి లేచాను, కర్టెన్ కాళ్ళకి చుట్టుకుంది. కెమెరా పైకెత్తి పట్టుకుని నేను మాత్రం మునిగాను.

చేసేదేంలేక ఖాళీ కర్ర ఫొటోకే 'నిరీక్షణ' అని పేరు పెట్టి పంపాను.

ప్రదర్శన రోజు, ఫోకస్ మాస్టారు ప్రథమ బహుమతి ఫొటో మీద తెర తీశాడు. ఒక పచ్చ గుట్ట. అందులోంచి పొడుచుకొచ్చిన లెన్సు. ఆ లెన్సు మీద దర్జాగా కూర్చున్న లకుముకి పిట్ట, నోట్లో చేప. వెనకాల ముసుగు సందులోంచి పళ్ళు బిగించి ఖాళీ కర్రకి గురిపెట్టిన నేను! తీసింది మా ఆవిడ, తన ఫోనుతో.

హాలంతా చప్పట్లు, నవ్వులు. మాస్టారు నా భుజం తట్టి, "మీ కర్ర కూడా చూశాను, ప్రయత్నం బాగుంది" అన్నాడు.

"పిట్ట నా మీదే ఉందని చెప్పొచ్చు కదే!" అన్నాను ఆవిడతో.

"నోరెత్తొద్దన్నది మీరేగా!"

కెమెరా తీసి ఆవిడ మెడలో నేనే వేశాను. ఏడుపొస్తుందనుకున్నాను గానీ, ఈలోగా జనం నన్ను చుట్టుముట్టారు. "ఆ కర్టెన్లో ఉన్నది మీరేనా?" అని ఒకటే కరచాలనాలు. "పిట్ట వాలేంత నిశ్చలంగా ఉండాలంటే మాటలు కాదండీ, సాధన కావాలి" అని ఛాతీ విరిచి చెప్పాను. మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం చెరువుకే. కెమెరా ఆవిడది, బురద నాది.

"ఏవండీ, తల కాస్త కుడివైపుకి."

"చీమ కుడుతోందే!"

"కుట్టనివ్వండి. వచ్చింది."

ఊపిరి బిగబట్టాను. ఈసారి పిట్ట నేరుగా నా నెత్తి మీదే వాలింది. ఆ క్షణంలో నాకెంత గర్వమేసిందో చెబితే మీరు నమ్మరు.