తూర్పు హద్దు: పడమర

భూమి ఎవరి సొత్తూ కాదని వేదాంతులు చెబుతారు. ఎవరి సొత్తో తేలేదాకా దాని మీద పాఠం చెప్పరాదని ప్రభుత్వం చెబుతుంది. మొదటి మాట నమ్మినవారికి పుణ్యం వస్తుంది, రెండో మాట నమ్మనివారికి మెమో వస్తుంది. ఈ రెంటి మధ్యా అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కున్న మనిషి భూగోళం టీచరు.

ఏడో తరగతి పుస్తకంలో ఆవిడకు ఒక్క పాఠమంటే ప్రాణం. "మీరంతా కదలకుండా కూర్చున్నాం అనుకుంటున్నారు కదా, ఇప్పుడీ క్షణాన గంటకి లక్ష కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతున్నారు" అని ఆవిడ అనగానే పిల్లలు గబుక్కున బెంచీలు పట్టుకుంటారు. ఆ పట్టుకోవడం చూడటం కోసమే ఆవిడ ఏడాది పొడుగునా అక్షాంశాలనూ, రేఖాంశాలనూ, మ్యాపులకు రంగులు వేయమంటే చొక్కాలకు వేసుకునే శిష్యులనూ భరిస్తూ వచ్చింది.

ఆ ఏడాది కొత్త నియమం వచ్చింది. ఏ పాఠమైనా చెప్పే ముందు దాని పేరును 'పాఠానుమతి' అనే యాప్‌లో నమోదు చెయ్యాలి. యాప్ ఆ పేరు చదివి, సంబంధిత శాఖకు పంపి, అనుమతి తెప్పిస్తుంది. (చదవడం యాప్‌కి వచ్చు. అర్థం చేసుకోవడం తర్వాతి విడతలో చేరుస్తామన్నారు.) టీచరు 'భూమి: ఆకారం, విస్తీర్ణం, కదలిక' అని నమోదు చేసింది. యాప్ మొదటి మాట దగ్గరే ఆగిపోయి, వ్యవహారాన్ని భూ రికార్డుల ఆఫీసుకు పంపేసింది. సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. సదరు భూమి వివరాలు పరిశీలనలో ఉన్నాయి కనుక, తేలేవరకు దానిపై ఎవరూ ఎటువంటి లావాదేవీలూ జరపరాదు.

పాఠం చెప్పడం లావాదేవీ ఎలా అవుతుందని టీచరు హెడ్మాస్టరును అడిగింది. మీరు చెప్పడం లావా, వాళ్లు వినడం దేవీ అని ఆయన వివరించాడు. పింఛనుకు దగ్గరపడ్డ మనిషి, గోడకు కొట్టిన మేకు వదులైనా దాన్ని ముట్టుకోడు. ఈలోగా సూర్యుడి పాఠం చెప్పుకోమని సలహా ఇచ్చాడు. సూర్యుడికి విద్యుత్ శాఖ ఒక్క పూటలో అనుమతి ఇచ్చేసింది. చంద్రుడికి వీధి దీపాల విభాగం ఇచ్చింది. చంద్రుడు దేని చుట్టూ తిరుగుతాడన్న దగ్గర టీచరు ఆగి, ఆలోచించి, వివాదంలో ఉన్న ఒక స్థలం చుట్టూ తిరుగుతాడని చెప్పింది. పిల్లలు అలాగే రాసుకున్నారు. ముందు బెంచీలో కూర్చునే పిల్ల ఒకతి ఉంది, ప్రశ్నల పుట్ట అని పేరు. ఆ పిల్ల రోజూ లేచి, "భూమి ఎప్పుడొస్తుంది టీచర్?" అని అడగడం మొదలుపెట్టింది. ఇక ఇలా కాదని టీచరు సెలవు పెట్టి భూ రికార్డుల ఆఫీసుకు వెళ్లింది.

అక్కడ బెంచీ మధ్యలో గుంట పడి ఉంది. ఎన్ని తరాల దరఖాస్తుదారులు కూర్చుంటే చెక్క అలా అరుగుతుందో ఆవిడ లెక్కగట్టబోయి మానేసింది. లోపలికి గుమస్తా కాదు, సాక్షాత్తు సెక్షన్ ఆఫీసరే పిలిచాడు. ఆ చుట్టుపక్కల ఆయన్ని హద్దులాయన అంటారు. మంచి మనిషి. కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించి, పెన్ను తీసి, హద్దులు చెప్పమన్నాడు.

హద్దులు లేవండీ, గుండ్రంగా ఉంటుందంది టీచరు.

"గుండ్రంగా ఉన్నా బల్లపరుపుగా ఉన్నా నాలుగు హద్దులుండాలమ్మా. తూర్పున ఏముంది?"

"తూర్పుకే పోతూ ఉంటే పడమర నుంచి మళ్లీ ఇక్కడికే వస్తామండీ."

హద్దులాయన తూర్పు హద్దు: పడమర అని రాశాడు. పడమర హద్దు: తూర్పు అని రాశాడు. ఇన్నేళ్ల సర్వీసులో పక్కవాడితో తగాదా లేని భూమిని ఇదే చూడటమని మెచ్చుకున్నాడు కూడా. ఉత్తరానా దక్షిణానా మంచు అని చెబితే అది స్థిరమైన హద్దేనా అని అడిగాడు. కరుగుతోందని టీచరు ఒప్పుకుంది. ఆవిడతో వచ్చిన చిక్కే అది, భూమి విషయంలో అబద్ధం ఆడలేదు. 'హద్దు కరుగుతున్నది, ఆగాక కొలవవలెను' అని ఆయన మార్జిన్‌లో రాసుకున్నాడు.

విస్తీర్ణం యాభై ఒక్క కోట్ల చదరపు కిలోమీటర్లని చెప్పగానే ఆయన పెన్ను ఆగింది. ఎంతమంది వాటాదారులని అడిగాడు. ఎనిమిది వందల కోట్ల మంది అంది. అన్నదమ్ములేనా అన్నాడు. అలాగే ఉండాలని పుస్తకాల్లో ఉందండీ అంది. మనుషులే కాక చీమలూ, చేపలూ, చెట్లూ కూడా ఉన్నాయి కదా, వాటి మాటేమిటని ఆవిడే గుర్తు చేసింది.

"వాటి సంతకాలు అక్కర్లేదమ్మా" అన్నాడు హద్దులాయన, ధైర్యం చెబుతున్నట్టుగా. "ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

ఇక నూటికి డెబ్భై పాళ్లు నీళ్లేనని తేలాక ఆయన నిట్టూర్చి, అయితే ఇది భూమి కాదమ్మా, చెరువు అని ఫైలును నీటిపారుదల శాఖకు పంపాడు. ఆ శాఖవారు ఉప్పునీరు తమది కాదని తిప్పి పంపారు. మధ్యలో కొన్నాళ్లు అది చేపల పెంపకం వారి దగ్గర కూడా ఉండి వచ్చింది.

ఇంతలో నోరూ నోరూ కలిసి ఊరంతా పాకింది. భూగోళం టీచరు తన పేరున భూమికి దరఖాస్తు పెట్టిందట, అదీ మామూలు భూమి కాదట. అత్తగారు వారం రోజులపాటు కోడల్ని 'ఏమే' అనకుండా 'అమ్మాయ్' అంది. ఎప్పుడూ గుమ్మం తొక్కని బావగారు, అంటే ఆవిడ భర్తకు అన్నగారు, చెప్పాపెట్టకుండా వచ్చి కుర్చీలో సర్దుక్కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"ఉమ్మడి కుటుంబంలో పుట్టినవాళ్లం. అంతా ఒక్కరి పేరున పెడితే రేపు నలుగురూ ఏమనుకుంటారు, చెప్పమ్మా?"

అది మనందరిదీ బావగారూ, నా ఒక్కదానిదీ కాదంది టీచరు. ఆ మాటకు ఆయన కళ్లు చెమర్చాయి. ఇంత పెద్ద మనసు తమ ఇంట ఎవరికీ లేదన్నాడు. అయితే మావాడికి ఆ సముద్రం వైపు ముక్క చూడు, గాలి బాగుంటుంది అని చెప్పి లేచాడు. సముద్రం ఏటేటా ముందుకు జరుగుతోందని ఆవిడ చెప్పబోతే, వియ్యంకుడైనా సముద్రమైనా తనంతట ముందుకొస్తే కాదనకూడదమ్మా అన్నాడు.

ఆ తర్వాత సర్వేయరు వచ్చాడు. స్కూలు గేటు దగ్గర టేపు మొదలుపెట్టి, సందు మలుపులో కుట్టుమిషను కొట్టు దాకా కొలిచి, చెమట తుడుచుకుని, 'మిగతా భాగము ఇదే విధముగా' అని రాసుకున్నాడు. సంతకం పెట్టబోతూ మాటవరసకు, ఇది ఇక్కడే ఉంటుంది కదమ్మా అని అడిగాడు. అవునని ఉంటే ఆ పూటతో కథ ముగిసేది. పిల్లలు పాఠం చదువుకునేవారు, బావగారు సముద్రానికి బయలుదేరేవాడు. కానీ టీచరు, ఉండదండీ, తన చుట్టూ తాను తిరుగుతుంది, సూర్యుడి చుట్టూ కూడా తిరుగుతుంది అంది. చెప్పేటప్పుడు ఆవిడ ముఖం వెలిగింది కూడా. చాలా రోజులైంది ఆ మాట ఎవరికైనా చెప్పి.

సర్వేయరు టేపు చుట్టేశాడు. కదిలేది స్థిరాస్తి కాదు, చరాస్తి. ఫైలు రవాణా శాఖకు వెళ్లిపోయింది.

రవాణా ఆఫీసులో బ్రేకు ఇన్‌స్పెక్టరు ఎదుట టీచరు రెండోసారి సెలవు పెట్టి నిలబడింది. వేగం ఎంతని అడిగితే చెప్పింది. బ్రేకులున్నాయా అంటే లేవంది. ఒకవైపు ఇరవై మూడున్నర డిగ్రీలు ఒరిగి ఉందేం, ఎక్కడైనా గుద్దారా అంటే, చాలాకాలం కిందట ఏదో పెద్దది వచ్చి గుద్దిందని శాస్త్రజ్ఞుల అనుమానమంది. కేసు పెట్టారా అని ఆయన అడిగాడు. ఆ ఒరగడం వల్లే ఎండాకాలం, వానాకాలం, చలికాలం వస్తున్నాయని ఆవిడ బతిమాలింది. రిపేరు చేయించకపోవడానికి అందరూ ఏదో ఒక కారణం చెబుతారని ఆయన అన్నాడు.

చివరికి పొగ పరీక్ష. ఇన్‌స్పెక్టరు కిటికీ తెరిచి, గొట్టం బయటికి పెట్టి, మీటరు చూసి, కిటికీ మూసేశాడు. ఆయనకే దగ్గు వచ్చింది.

"పొగ బండిది కాదండీ" అంది టీచరు. "దాని తప్పేం లేదు. ఎక్కినవాళ్లది."

"ఎవరిదైనా జరిమానా బండికేనమ్మా."

వయసు నాలుగు వందల యాభై కోట్ల ఏళ్లు దాటిందని రాసుకుని ఆయన తలూపాడు. పదిహేనేళ్లు దాటితేనే తుక్కు కింద లెక్క. ఉత్తర్వు అక్కడికక్కడే అచ్చయింది. సదరు భూమి వాడకానికి పనికిరాదు, ప్రయాణికులు వేరే ఏర్పాట్లు చూసుకోవలెను. వేరేది లేదండీ అని టీచరు మెల్లగా అంది. అందరూ మొదట్లో అలాగే అంటారమ్మా అని ఇన్‌స్పెక్టరు ఓదార్చాడు. తర్వాతివారిని పిలిచాడు.

మర్నాడు హెడ్మాస్టరు ఉత్తర్వు చదివి, తుక్కు బండి మీదికి పిల్లల్ని ఎక్కించలేం కనుక ఆ పాఠం ఇక లేనట్టేనన్నాడు. టీచరు టైంటేబులు చూసింది. ఆఖరి పీరియడు ఆటలది. ఆటలకు అనుమతి అక్కర్లేదు. ఆవిడ ఏడో తరగతిని మైదానంలోకి తీసుకెళ్లి, డ్రిల్లు మాస్టారిని ఎండలో మధ్యన నిలబెట్టి (ఆయనకు కారణం చెప్పలేదు, ఆయనా అడగలేదు), ప్రశ్నల పుట్టను కాస్త పక్కకు ఒరిగి, గుండ్రంగా తిరుగుతూ, ఆయన చుట్టూ పరిగెత్తమంది. ఆ పిల్ల తిరిగింది. తక్కినవాళ్లూ ఒకళ్ల వెనక ఒకళ్లు తిరిగారు. కళ్లు తిరిగి పడ్డవాళ్లు పడ్డచోటే గడ్డిని రెండు చేతులా పట్టుకుని నవ్వారు. ప్రశ్నల పుట్ట వెల్లకిలా పడుకుని, ఆకాశం వైపు చూస్తూ, "నిజంగానే పోతున్నాం టీచర్" అంది. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. దుమ్ము చాలా రేగింది మరి.

కిటికీలోంచి హెడ్మాస్టరు చూశాడు. మెమో వచ్చింది. అనుమతి లేని వాస్తవాన్ని మైనర్లకు తెలియజేసినందుకు సంజాయిషీ అడిగారు. చెప్పినదంతా నిజమేనని, ఉద్యోగం పోయినా అది తిరగడం ఆగదని ఆవిడ జవాబు రాసింది. పోతుందనే అనుకుంది. ఇంట్లో బావగారు అప్పుడే రాకపోకలు తగ్గించేశాడు, అత్తగారు మళ్లీ 'ఏమే'లోకి దిగింది.

కానీ విద్యాశాఖ ఎప్పుడూ ఊహకు అందదు. మెమో రద్దయింది. పాఠానికి అనుమతి కూడా వచ్చింది. హెడ్మాస్టరు స్వయంగా క్లాసుకు వచ్చి, ఓపిక పడితే కానిదేమీ లేదని, ఇక నిశ్చింతగా చెప్పుకోమని కాగితం చేతికిచ్చాడు. పాఠంలో ఒక్క అక్షరం తీసెయ్యలేదు. గుండ్రని ఆకారం ఉంచారు, నీళ్లు ఉంచారు, గాలి ఉంచారు, చీమల్నీ చేపల్నీ కూడా ఉంచారు. పాఠాన్ని భూగోళం నుంచి చరిత్ర పుస్తకంలోకి మార్చారు, అంతే. కాబట్టి చెప్పేటప్పుడు క్రియలన్నీ భూతకాలంలో ఉండేలా చూసుకోమన్నారు.