పిల్లి తిరిగిచ్చిన గడియారం

సోమవారం బస్సు డిపోలో పాత దొంగ పిల్లి, అతని స్నేహితుడు వంటాయన ఇద్దరూ కలిసి క్యాంటీన్ తెరవాలి. ఆలోగా పిల్లికి ఒక్క పని మిగిలింది. ఇరవై రెండేళ్ళ కిందట ఓ ఇంట్లోంచి ఎత్తుకొచ్చిన గోడ గడియారాన్ని ఎవరూ కొనలేదు. అది అక్క ఇంటి అటక మీదే పడి ఉంది. తక్కిన దొంగసొత్తంతా ఎప్పుడో హారతి కర్పూరమైపోయింది కనుక తిరిగివ్వగలిగింది అదొక్కటే. ఆ ఉదయం దాన్ని దుప్పట్లో చుట్టుకుని, తలుపు కొట్టి, ఇచ్చేసి, దణ్ణం పెట్టి వచ్చేస్తానన్నాడు. అరవై ఆరేళ్ళొచ్చినా పరాయి ఇంటి తలుపు కొట్టడం అతనికి అదే మొదలు.

వెంట వంటాయన బయల్దేరాడు. జైల్లో కలిసిన జతగాడు. పద్దెనిమిదేళ్ళుగా ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం. అలాంటివాడు వీధి మొదట్లోనే ఆగిపోయాడు.

"నేను రాను. నువ్వెళ్ళిరా."

ఇక్కడెక్కడో వీడూ చేతివాటం చూపించి ఉంటాడనుకుని పిల్లి రెట్టించలేదు.

తలుపు కొడితే ఎవరూ పలకలేదు. తోస్తే తెరుచుకుంది. పాత అలవాటు కొద్దీ కాళ్ళు వాటంతటవే లోపలికి నడిచాయి. గోడకి ఆ మేకు ఇంకా ఉంది. కుర్చీ ఎక్కి గడియారం తగిలిస్తుంటే మోకాలు టప్పుమంది. ఒకప్పుడు అడుగు చప్పుడు వినబడదనే అతనికి పిల్లి అని పేరొచ్చింది. ఇప్పుడా మోకాలి చప్పుడుకే వంటింట్లోంచి ఇంటావిడ బయటికొచ్చింది.

ఆవిడ అతన్ని గడియారాలమ్మేవాడనుకుంది. తమకొద్దని, ఇలాంటిదే ఒకటి పోయినప్పటి నుంచి గడియారమంటేనే విరక్తి పుట్టిందని చెప్పింది. ఇది అదేనమ్మా అన్నాడు పిల్లి, నిజం చెప్పడం అలవాటు లేక కాస్త గట్టిగా. ఆవిడ దగ్గరికొచ్చి అంచు మీది గీత చూసి కేక పెట్టింది. పక్కింటి రిటైరైన పోలీసాయన కర్రతో వచ్చి పిల్లిని అదే కుర్చీలో కూలేశాడు. ఆ గోల వీధి చివరిదాకా వినబడి వంటాయన పరుగెత్తుకొచ్చాడు.

"వాణ్ణి వదిలెయ్యండి అమ్మగారూ."

ఇంటావిడ కళ్ళజోడు సవరించుకుంది. "నువ్వా!"

అప్పుడు తెలిసింది పిల్లికి. వంటాయన ఒకప్పుడు ఆ ఇంట్లోనే వంట చేసేవాడు. గడియారం కాజేశాడని వెళ్ళగొట్టారు. ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ అతన్ని వంటింటి గడప తొక్కనివ్వలేదు. పని దొరక్కే చివరికి నిజంగా దొంగతనానికి దిగి జైలుకొచ్చాడు.

పిల్లి లేచి నిలబడ్డాడు. "దొంగని నేను. ఆ వెంటిలేటర్లోంచి దిగాను. ఇతనికేం తెలీదు."

పోలీసాయన వెంటిలేటరు వంక చూశాడు, పిల్లి పొట్ట వంక చూశాడు. స్నేహితుడి కోసం నేరం నెత్తినేసుకుంటున్నాడని తేల్చేశాడు. ఇంటావిడ కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళకైనా బుద్ధి తెచ్చుకుని వెనక్కి తెచ్చిచ్చాడని వంటాయన్ని మెచ్చుకుని, మనసారా క్షమించింది.

వంటాయన పిల్లి వంక చూశాడు. కాదంటే పిల్లి స్టేషనుకి పోవాలి.

"మీ దయ అమ్మగారూ," అన్నాడు.

ఇద్దరూ రోడ్డెక్కారు.

"నాకు తెలీదురా," అన్నాడు పిల్లి.

"నీకెలా తెలుస్తుంది? నేను తియ్యలేదని మా ఆవిడకి ఎన్నిసార్లో చెప్పాను. నమ్మకుండానే పోయింది."

సోమవారం క్యాంటీన్ తెరిచారు. ఆ రోజు నుంచీ అంట్లన్నీ పిల్లే తోముతున్నాడు. ఇక చాల్లే అని వంటాయన ఇంతవరకూ అనలేదు.