ఆవులింత రాని ఒప్పందం

ఒక పెద్ద అడవిలో జంతువులన్నిటికీ ఒప్పందాల పిచ్చి పట్టుకుంది. దేనికైనా ఒప్పందం రాసుకోవడమే, నలుగురినీ పిలిచి చదివించుకోవడమే. అక్కడో ఆచారం ఉండేది. చదువుతుండగా ఎంతమంది నిద్రపోతే అది అంత గట్టి ఒప్పందం కింద లెక్క.

ఆ అడవిలో మచ్చమ్మ అనే కుందేలుకు ఇల్లు కావలసి వచ్చింది. కడుపుతో ఉంది. పోయిన వానాకాలం పసికూనల్ని నోట కరుచుకుని పొద పొదకూ తిరిగిన బాధ ఇంకా మరిచిపోలేదు. ఈసారి పిల్లలు తడవకూడదు, అదొక్కటే ఆమె కోరిక.

కలుగులు తవ్వే కాంట్రాక్టరు గుండప్ప. పందికొక్కు. బేరం కుదిరాక ఇద్దరూ ప్లీడరు భల్లూకరావు దగ్గరికి వెళ్ళారు. ఆయన ఎలుగుబంటి. పుట్టుకతోనే నల్లకోటు ఉండడంతో వేరే చదువు అవసరం పడలేదు.

"ఏం రాయమంటావమ్మాయ్?"

"బోడిగుట్ట మీద, తొలకరికి ముందే, రెండు దారులున్న కలుగు కావాలండీ. అంతే."

భల్లూకరావు జాలిగా నవ్వాడు. "పిచ్చిదానా, అలా రాస్తే అందరికీ అర్థమైపోదూ? ఇక ప్లీడరెందుకు?"

ఆయన గోళ్ళతో మద్దిచెట్టు బెరడు మీద గీకడం మొదలుపెట్టాడు. చెట్టు మొదట్లో ఆరంభించిన ఒప్పందం కొమ్మల దాకా పాకింది. సారాంశం ఇది: సదరు గుండప్ప సదరు మచ్చమ్మకు తగు చోట, తగు కాలమందు, తగు నివాసము తవ్వి ఇవ్వవలెను. ఒప్పందము తప్పిన యెడల నష్టపోయినవారిని పూర్వపు స్థితిలో నిలబెట్టవలెను. ప్లీడరు గారికి ఫీజు కింద మచ్చమ్మ రేగుపంటలో తగు భాగము ముట్టవలెను.

"తగు చోటంటే బోడిగుట్టేనాండీ?" అని మచ్చమ్మ నసిగింది.

"అంతకంటే తగిన చోటు ఇంకెక్కడుందమ్మా! అది రాయాలా ఏమిటి?" అన్నాడు భల్లూకరావు.

ఒప్పందం చదువుతుంటే దుప్పులు ఒరిగిపోయాయి. ఏనుగు గురక పెట్టింది. చివరికి గుండప్ప కూడా కునుకు తీశాడు. అంత గట్టి ఒప్పందం ఈమధ్య ఎవరూ రాసుకోలేదని అందరూ మెచ్చుకుంటే, మచ్చమ్మ మురిసిపోయి గుండప్పకు ఇవ్వాల్సిన దుంపలన్నీ అక్కడికక్కడే ఇచ్చేసింది.

గుండప్ప వాగు ఒడ్డున, మెత్తటి ఇసుకలో, ఒకే దారితో కలుగు తవ్వేసి చేతులు దులుపుకున్నాడు. అప్పటికి నెలలు నిండిన మచ్చమ్మ వేరే దారిలేక అందులోనే ఈనింది. తొలకరి పడింది, వాగు పొంగింది. మచ్చమ్మ మళ్ళీ పిల్లల్ని నోట కరుచుకుని, ఒక్కొక్కరినే గట్టుకు చేర్చి, తడిసిన పిల్లల్ని చూసి భోరుమంది.

అక్కణ్ణించి నేరుగా న్యాయమూర్తి కూర్మయ్య దగ్గరికి పరిగెత్తింది. ఆయన తాబేలు. ఇబ్బందైన ప్రశ్న వస్తే తల డిప్పలోకి లాక్కుని, అది పోయాక బయటికి వస్తాడు.

"అది తగు చోటేనయ్యా. తవ్వడానికి అంతకంటే తగిన చోటు లేదు," అన్నాడు కబురందుకుని వచ్చిన గుండప్ప.

కూర్మయ్య కాసేపు లోపలుండి వచ్చాడు. "ఏమమ్మా, ఒప్పందానికి ముందు నీకు ఇల్లుందా?"

"లేదయ్యా."

"ఇప్పుడు?"

"లేదయ్యా!"

"పూర్వపు స్థితిలోనే ఉన్నావుగా. న్యాయం జరిగిపోయింది, వెళ్ళిరా."

మచ్చమ్మ నోరెళ్ళబెట్టింది. కానీ ఇంటికి పోయి ఏడుద్దామంటే ఇల్లు లేదు. ఆమె గుండప్ప కలుగు ముందుకే వెళ్ళి కూర్చుంది.

"ఇంకా దుంపలున్నాయి, కావాలా?"

గుండప్పకు దుంపలంటే ప్రాణం. మీసాలు కదిలించాడు.

"బోడిగుట్ట మీద తవ్వాలి. రెండు దారులు పెట్టాలి. రేపు మొదలుపెట్టి పున్నమికల్లా ముగించాలి. దుంపలు నేను గృహప్రవేశం చేశాకే. ముగించకపోతే నేనూ నా పిల్లలూ నీ కలుగులోకొస్తాం, నువ్వు బయటికెళ్ళాలి. సరేనా?"

ఆచారం ప్రకారం నలుగురి ముందూ ఆ మాటలే చెప్పింది. ఒక్కరికీ కునుకు పట్టలేదు. "ఇదీ ఒక ఒప్పందమేనా? ఆవులింతైనా రాలేదు," అని దుప్పులు పెదవి విరిచాయి. గుండప్ప మాత్రం తన కలుగు వంక ఒకసారి, ఆకాశంలో చంద్రుడి వంక ఒకసారి చూసుకుని, తెల్లారకముందే గుట్టెక్కాడు. పున్నమికి ముందే ఇల్లు తయారైంది. ఆ తరవాత ఎన్ని వానలు కురిసినా పిల్లలు పొడిగా, హాయిగా నిద్రపోయారు.

చలికాలం వచ్చింది, రేగుపళ్ళు పండాయి. భల్లూకరావు ఫీజుకోసం చొంగ కారుస్తూ వచ్చాడు. మచ్చమ్మ వినయంగా ఆకు దొప్ప నిండా రేగుగింజలు తెచ్చి పెట్టింది.

"పళ్ళేవీ?"

"పిల్లలు తిన్నారండీ. తమరికి తగు భాగం ఇదే."

ప్లీడరు గారు లబోదిబోమంటూ కూర్మయ్య ముందు పడ్డాడు. "తగు భాగమంటే పళ్ళేనని చంటిపిల్లకైనా తెలుసు కదయ్యా!"

"అది రాయాలా ఏమిటని మీరే కదండీ అన్నారు," అంది మచ్చమ్మ.

కూర్మయ్య తల లోపలికి లాక్కుని, చాలాసేపటికి బయటికి వచ్చాడు. "ఒప్పందానికి ముందు నీ దగ్గర ఆవిడ పళ్ళున్నాయా?"

"లేవయ్యా."

"గింజలు?"

"అవీ లేవయ్యా."

"అయితే ఆ గింజలు కూడా తిరిగిచ్చెయ్. పూర్వపు స్థితికి వస్తావు."

ఇక భల్లూకరావు పని అయిపోయిందని మచ్చమ్మ అనుకుంది. మర్నాడు చూస్తే మద్దిచెట్టు కింద బారులు తీరి జనం! "రాసినాయనే బయటపడలేకపోయాడంటే ఎంత గట్టిగా రాశాడో!" అని ఒకటే పొగడ్తలు.

ఆ వరసలో, పిల్లలకు ఇల్లు లేక అవస్థపడుతున్న పక్క పొదలోని ముళ్ళపంది కూడా ఉంది. మచ్చమ్మ మనసు ఆగలేదు. "వదినా, నాలుగు ముక్కల్లో నేను చెప్తాను, రా," అంది.

ముళ్ళపంది ఆమె పొడి ఇంటివైపు ఆశగా చూసి నిట్టూర్చింది. "నీ ఇల్లు బాగుంది, కాదనను. కానీ నీ ఒప్పందానికి ఒక్కరికీ ఆవులింత రాలేదట కదమ్మా!"

కనుక తెలుసుకోవలసిందేమంటే, అర్థమయ్యేలా ఒప్పందం చేసుకున్నవాళ్ళకు ఇల్లు మాత్రమే దక్కుతుంది.