సారు కూర్చున్నారు

మా ఇంట్లో సారు అంటే నేను కాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మీకు తర్వాత తికమక ఉండదు. సారు అంటే కుక్క. నల్లగా, పొడుగ్గా, మూతి దగ్గర మాత్రం నెరిసి, నాకంటే పెద్దమనిషిలా కనిపిస్తారు. మా ఆవిడ రేవులో, కస్టమ్స్‌వాళ్ల కుక్కల విభాగంలో పనిచేసినన్నాళ్లూ ఆవిడకి జోడీ ఆయనే. ఓడల్లోంచి దిగే పెట్టెల్లో గంజాయి ఎక్కడున్నా పసిగట్టడం ఆయన ఉద్యోగం. ఇద్దరూ ఒకే రోజున రిటైరై, పక్కపక్కన నిలబడి ఫొటో దిగారు. ఆ ఫొటో తీసింది నేనే కాబట్టి అందులో నేను లేను.

వీధిలో అందరూ ఆయన్ని సారనే అంటారు. నేనూ మర్యాదగానే మాట్లాడతాను. మా ఆవిడ ఒక్కతే ‘వాడు’ అంటుంది. ఒళ్లో పట్టే వయసు నుంచి పెంచిన మనిషి, ఆ హక్కు ఆవిడది.

సారు పని తీరు మీకు తెలియాలి. మొరగరు, గీకరు, మీద పడరు. వాసన తగిలినచోట నెమ్మదిగా కూర్చుని, రెప్పవేయకుండా చూస్తారు. కూర్చున్నారంటే సరుకు ఉన్నట్టే. అప్పుడు మా ఆవిడ గట్టిగా చుట్టి కుట్టిన పాత తువ్వాలు ఒకటి ఆయన నోటికి అందిస్తుంది. దాన్ని కాసేపు నమలడమే ఆయన జీతం. ఆ జీతం ముట్టేదాకా బ్రహ్మదేవుడొచ్చినా ఆయన్ని లేపలేడు.

అలాంటి సారుకి తుంటి కీళ్లు అరిగిపోయాయి. నొప్పి మాత్రలు కడుపుకి సరిపడక పశువుల డాక్టరమ్మ ఆపేసింది. పెరట్లోకి దిగే మెట్ల దగ్గర ఆగి, మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసేవారు. మా ఆవిడ ఆయన పొట్ట కింద దుప్పటి చుట్టి, వెనక కాళ్లు పైకెత్తి పట్టుకుని దింపేది. ఆ సమయంలో ఆవిడ ముఖం చూడలేక నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ని. పేపరు తలకిందులుగా ఉందని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు.

చివరికి డాక్టరమ్మ అసలు మాట చెప్పింది. లేవడం పూర్తిగా మానేస్తే ఇక బాధ లేకుండా పంపించేయడం గురించి ఆలోచించుకోవాలట. ఆ మాటకి మా ఆవిడ సారు చెవి పట్టుకుని అలాగే ఉండిపోయింది. అంతదాకా రాకముందే ఒక మందు వేసి చూద్దామంది డాక్టరమ్మ. గంజాయి మొక్క నుంచి తీసిన నూనెట. మత్తెక్కించే పదార్థం తీసేసిన నూనె, చుక్కల లెక్కన ఇవ్వాలట.

అదెలా పనిచేస్తుందో కూడా చెప్పింది. మనిషికైనా కుక్కకైనా నొప్పి, ఆకలి, నిద్ర, భయం వీటన్నిటినీ సర్దుబాటు చేసే ఏర్పాటు ఒకటి ఒంట్లోనే ఉంటుందట. దాని పేరు ఎండోకానబినాయిడ్ వ్యవస్థ. ఈ పేరు తడబడకుండా పలకడం నాకు ఈమధ్యే వచ్చింది. ఒళ్లు తనకు తానే ఒక రకం పదార్థాలు తయారుచేసుకుంటుంది. అవి వెళ్లి కూర్చోవడానికి మెదడులో, నరాల్లో పీటలు వేసి ఉంటాయి. ఆ మొక్కలో ఉన్నవి వీటికి దూరపు చుట్టాల్లాంటివట. అన్ని కుక్కలకీ పనిచేస్తుందని మాటివ్వలేను, కొన్నిటికి మాత్రం బాగా తేడా కనిపించింది అంది.

మా ఆవిడ లేచి నిలబడింది. “నా సర్వీసంతా ఆ మొక్కని పెట్టెల్లోంచి బయటికి లాగాను డాక్టరుగారూ. చుట్టాలైతే చుట్టాలు, గుమ్మం బయటినుంచే పంపించేయండి” అంది.

దారిలో నేను నచ్చజెప్పబోయాను. “మందు కదే, మత్తు లేదంటున్నారుగా” అన్నాను.

“పట్టుబడ్డ ప్రతివాడూ మందనే చెప్పాడండీ” అంది. సారు కూడా ఆవిడ పక్షమే అన్నట్టు నావైపు చూశారు.

ఆ వారంలోనే సారు తిండి దగ్గరికి రావడం మానేశారు. కంచమే ఆయన దగ్గరికి వెళ్లడం మొదలైంది. ఇక నావల్ల కాలేదు. ఆవిడకి తెలియకుండా నేనే మందు వేసేద్దామని నిర్ణయించుకున్నాను. డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే నాకంటే ముందు ఫోను ఇంటికి చేరుతుందని భయపడి, బస్టాండు వెనక మూలికల కొట్టుకి వెళ్లాను. కొట్టాయన సగం మాట వినే ఒక పచ్చసీసా తీసిచ్చాడు. మొక్క అదే కదా, ఎక్కడ కొంటేనేం అనుకున్నాను.

ఇప్పుడు మీరు ఆలోచించేదే నేను ఆలోచించలేదు. గంజాయి పట్టే కుక్క ఉన్న ఇంట్లోకి గంజాయి నూనె దొంగతనంగా తీసుకెళ్తున్నాను.

గేటు తీశాను. వరండాలో పడుకున్న సారు తల ఎత్తారు. ముక్కు కదిలింది. నాలుగురోజులుగా లేవని మనిషి కాళ్లు కూడదీసుకుని లేచి, ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి, నా చొక్కా జేబు ఎదురుగా కూర్చున్నారు. కూర్చుంటుంటే తుంటి వణికింది, అయినా చూపు తిప్పలేదు.

వంటింటి కిటికీలోంచి మా ఆవిడ అడిగింది. “ఏంటండీ, వాడలా కూర్చున్నాడు?”

“నేనంటే ప్రేమ” అన్నాను.

“ఓహో, ఇవాళే పుట్టుకొచ్చిందా” అని, తడిచెయ్యి తుడుచుకుంటూ వచ్చి సారుకి తువ్వాలు అందించింది. “పాపం, ముక్కు ముసలిదైపోయింది. ఊరికే కూర్చుంటున్నాడు” అని నావైపైనా చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. బతికిపోయాననుకున్నాను.

సాయంత్రం ఆయన అన్నంలో నాలుగు చుక్కలు కలిపాను. సారు కంచం దగ్గరికొచ్చి వాసన చూసి, దాని ముందు కూర్చుని, మా ఆవిడ కోసం అటూ ఇటూ చూశారు. సొంత కంచాన్నే అరెస్టు చేసేశారు. నేనా అన్నం గబగబా మొక్కల్లో పారబోసి, తేలు కుట్టిన దొంగలా పక్కకి తప్పుకున్నాను. నోరు తెరిపించి వేద్దామంటే పళ్లు బిగించేశారు. లంచం తీసుకోని అధికారుల గురించి వినడమే గానీ చూడడం అదే మొదలు.

ఇక మర్నాటి నుంచి దాచడం ఒక పని అయిపోయింది. పిండి డబ్బాలో పెడితే డబ్బా ముందు కూర్చున్నారు. చెప్పుల అరలో పెడితే అక్కడ. పాత రేడియో వెనక పెడితే అక్కడ. అటక మీద పెడితే సరిగ్గా దాని కింద కూర్చుని మెడ పైకెత్తారు. కూర్చున్న ప్రతిసారీ మా ఆవిడ ఎక్కడినుంచో వచ్చి, “అలవాటు పోదు పాపం” అని తువ్వాలు ఇచ్చి వెళ్లేది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడన్నవాడు మా ఇంటికి రాలేదు.

ఇంతలో ఒక వింత జరిగింది. సారు నడుస్తున్నారు. ముందు గది నుంచి గదికి. తర్వాత వీధి చివరిదాకా. ఒకరోజు పొద్దున్న దుప్పటి సాయం లేకుండా పెరటి మెట్లు దిగారు. మా ఆవిడ దుప్పటి పట్టుకుని పై మెట్టు మీదే నిలబడిపోయింది. నేను పేపరు తీసి చూశాను. ఆవిడ ఏడుస్తోంది, సంతోషంతో.

ఒక్క చుక్కా ఆయన నోట్లోకి వెళ్లలేదు గదా, మరి ఎలా? రెండురోజులు ఆలోచించి ఒక సిద్ధాంతం తయారుచేశాను. వాసనకే నయమవుతోంది. పీటలు ముక్కులోనే ఉండి ఉంటాయి. ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేక కడుపు ఉబ్బిపోయింది. మా ఆవిడ ముందు మాత్రం గొప్ప వైద్యుడిలా గడ్డం సవరించుకుంటూ తిరిగేవాణ్ని.

అలా ఉండగా ఆవిడ పాత సూపరింటెండెంటుగారు సారుని చూడ్డానికి వచ్చారు. చెప్పకుండా వచ్చారు, అదీ చిక్కు. అప్పుడే చోటు మారుద్దామని సీసా తీసి జేబులో వేసుకున్నాను. పెరట్లోంచి సారు నావైపే వస్తున్నారు. అంత పెద్దాయన ముందు నా జేబు ఎదురుగా కూర్చుంటే మా ఆవిడ పరువేం కావాలి? కుర్చీకి తగిలించిన ఆయన కోటు కనిపించింది. సీసా అందులో పడేశాను. పడేశాక గానీ నేను చేసిందేమిటో నాకు అర్థం కాలేదు.

సారు దారి మార్చుకుని, వెళ్లి సూపరింటెండెంటుగారి కోటు ముందు కూర్చున్నారు.

ఆ కుక్క ఒక్కసారీ తప్పు కూర్చోలేదని మాకంటే ఆయనకే బాగా తెలుసు. టీకప్పు కింద పెట్టి, తనంతట తానే రెండు చేతులూ పైకెత్తారు. “అమ్మా, నాకేం తెలీదు. కానీ సారు కూర్చున్నారు. సోదా చెయ్యి” అన్నారు.

మా ఆవిడ కోటు జేబులోంచి పచ్చసీసా తీసి బల్ల మీద పెట్టింది. “నేనే. సారు కోసం. వాడు లేవకపోతే ఆ డాక్టరమ్మ అన్న మాట నిజమైపోతుందని...” అన్నాను. సారుని ‘వాడు’ అనేశానని కూడా తెలియలేదు.

మా ఆవిడ సారుకి తువ్వాలు అందించి, తల నిమిరి, అప్పుడు నావైపు తిరిగింది.

“అందులో ఉన్నది వంటనూనె” అంది.

మీరు గేటు తీసిన పూటే తెలిసిపోయింది అంది. వాడి ముక్కు ముసలిదవడం ఏమిటి, మీ బుర్రే ముసలిదైంది అంది. మర్నాడు పొద్దున్నే నేను స్నానానికి వెళ్లినప్పుడు సీసా తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తిందట. అది మత్తు తీయని సరుకట. కుక్కల చిన్నమెదడులో మనకంటే పీటలు చాలా ఎక్కువట, ఆ మత్తు నాలుగు చుక్కలు పడినా కాళ్లు నిలవక తూలి పడిపోతాయట, ప్రాణం మీదికి కూడా రావచ్చట. ఆయన ఆ కంచాన్ని అరెస్టు చేయకపోతే నేనేం చేసి ఉండేవాణ్నో. వెంటనే ఆవిడ ఆ నూనె డాక్టరమ్మకి అప్పగించి, సీసాలో వంటనూనె నింపి, సీసా ఉన్నచోటే పెట్టేసింది. సీసాకి పట్టిన వాసన సారుకి చాలు.

“మరి నడకో?” అన్నాను.

“డాక్టరుగారు సరైన మందు ఇచ్చారు. మీరు దొంగగా మారేంత బాధపడుతున్నారని ఆ రోజు తెలిసింది నాకు. నాకొక్కదానికే నొప్పి అనుకున్నాను ఇన్నాళ్లూ. అందుకే పట్టు వదిలేశాను” అంది.

ఆవిడ చేత్తో ఇచ్చినా సారు ముట్టలేదట. అప్పుడు గుర్తొచ్చిందట, చిన్నప్పుడు ఆ వాసన ఆయనకి నేర్పింది తువ్వాల్లో పెట్టే. కంచంలో ఉంటే సరుకు, తువ్వాల్లో ఉంటే ఆట. అందుకని డాక్టరమ్మ చెప్పినన్ని చుక్కలు తువ్వాలు కొసకి వేసి ఇచ్చింది. ఆయన చీకి చీకి ఆరబెట్టేశారు.

“అయితే నేను దాచడం ఎందుకు, రోజూ తువ్వాలే ఇచ్చేస్తే పోయేదిగా?”

“ఊరికే ఇస్తే తీసుకోడండీ. పని చేస్తేనే జీతం తీసుకుంటాడు. మీరు దాచకపోతే వాడికి మందు లేదు. మీకు చెబితే మీరు సరిగ్గా దాచరు.”

సూపరింటెండెంటుగారు అప్పటికి చేతులు దించారు. తన సర్వీసులో ఇంత చేతకాని స్మగ్లర్ని చూడలేదనీ, ఇంత ఉపయోగపడ్డవాణ్ని కూడా చూడలేదనీ చెప్పి, కోటు ఒకటికి రెండుసార్లు తడిమి చూసుకుని వెళ్లిపోయారు.

ఇదీ జరిగింది. డాక్టరమ్మ వాయిదా వేసిన ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఎప్పుడో ఒకరోజు ఎత్తుతుందని మా ముగ్గురికీ తెలుసు, ఇవాళ మాత్రం కాదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే మా ఆవిడ సీసా నా చేతిలో పెట్టి, సారుని పెరట్లోకి తీసుకెళ్తుంది. ఇద్దరూ గోడవైపు తిరిగి నిలబడతారు. రిటైరయ్యాక ఆవిడ వీపు అంత నిటారుగా ఉండడం నేను మళ్లీ ఇప్పుడే చూస్తున్నాను. ఇంటి మధ్యలో సీసా పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తోచక, కొత్త చోటు కోసం దిక్కులు చూస్తూ ఉంటాను. సులువైన చోటైతే ఆయనకి కోపం, కష్టమైన చోటైతే ఆయన తుంటికి కష్టం.

“అయిందా అండీ?” అని కేకేస్తుంది ఆవిడ.

“ఇంకా లేదే, ఉండు” అంటాను. ఇంకాసేపు వాళ్లిద్దర్నీ కిటికీలోంచి చూస్తాను.