గీత పడని లారీ

ఆ ఇల్లాలికి భర్త మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. మనిషి మంచివాడు, గొంతు పెంచడు, చొక్కా గుండీ ఊడితే తనే కుట్టుకుంటాడు. కానీ వస్తువులను కాపాడతాడు.

టీవీ రిమోట్‌కు ప్లాస్టిక్ కవరు తొడిగాడు. ఆ కవరు మాసిపోతుందని దాని మీద ఇంకో కవరు తొడిగాడు. ఇప్పుడు ఏ మీట నొక్కితే ఏ చానల్ వస్తుందో ఇంటిల్లిపాదికీ ఆశ్చర్యమే. సోఫాకు ఒక గుడ్డ, గుడ్డ మీద దుప్పటి. దుప్పటి నలుగుతుందని ఆయన కుర్చీలో కూర్చుంటాడు. కొత్త గొడుగును వానలో తడవనివ్వడు. వాన పడితే దాన్ని చొక్కా లోపల దాచుకుని, తాను మాత్రం నిలువునా తడిసి వస్తాడు. అద్దాల బీరువాలోని బంగారు అంచు కప్పుల సంగతి వేరు. అవి ఆవిడవి, అతిథుల కోసం తాళం వేసి ఉంచినవి. దాన్ని దాచుకోవడం అనరు, మర్యాద అంటారు.

ఇంతటి సంరక్షకుణ్ణి రోడ్ల శాఖ ఊరికే వదిలిపెట్టలేదు. రోడ్డు పనివాళ్ళ భద్రతాధికారిగా నియమించింది. అప్పటినుంచి ఇంట్లో ఆయన, ఆఫీసులో అధికారిగారు.

రోడ్డుకు అతుకులు వేసేవాళ్ళ మీదికి వెనకనుంచి బండ్లు దూసుకు రాకుండా శాఖవారు ఒక ప్రత్యేకమైన లారీ తెప్పించారు. దాని వెనక భాగాన పసుపూ నలుపూ చారలతో మంచమంత మెత్త ఉంటుంది. ముందు పనివాళ్ళు, వాళ్ళ వెనక కాపలాగా లారీ. అదుపు తప్పిన బండి ఏదైనా వస్తే ముందు ఆ మెత్తను గుద్దుకుంటుంది. మెత్త నలిగి ముద్దవుతుంది, మనుషులు మిగులుతారు. అంటే దెబ్బ తినడమే ఆ లారీ ఉద్యోగం. ఈ మాట అధికారిగారి చెవిన పడింది గాని బుర్రకెక్కలేదు.

లారీ వచ్చిన రోజు ఆయన రిబ్బను కత్తిరించి ప్రసంగించారు. "ఇది ప్రజల సొత్తు. నా కంఠంలో ప్రాణం ఉండగా దీని మీద ఒక్క గీత పడనివ్వను." పనివాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. తమ ఊసు రాకపోయినా ప్రసంగం పొట్టిగా ఉంది.

తదుపరి, తగు జాగ్రత్తలు తీసుకోబడ్డాయి. లారీని పనివాళ్ళకు ముందు నిలపాలని, పనివాళ్ళు దాని వెనక ఉండి పని చేసుకోవాలని ఆదేశించారు. మెత్త చుట్టూ ఎర్ర కోన్లు పెట్టించారు. ఎండకు రంగు వెలవకుండా పరదా కప్పించారు. పరదా కప్పితే చారలు కనపడవని ఎవరో సణిగితే, పరదా మీద చారలు వేయించారు. ఇంత చేసినా మనసు ఆగలేదు. అందరికంటే వెనక, వచ్చే బండ్లకు ఎదురుగా, ఎర్రజెండా ఇచ్చి ఒక మనిషిని నిలబెట్టారు. ఆ మనిషి పనివాళ్ళ మేస్త్రీ, ఇల్లాలికి సొంత తమ్ముడు. బంధుప్రీతి చూపించారని రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు కదా.

ఒకనాడు ఒక కారు మేస్త్రీని రాసుకుంటూ పోయి, జెండా లాక్కుపోయింది. కబురు అందగానే అధికారిగారు పరుగున వచ్చారు. పరదా ఎత్తి మెత్తను నాలుగు వైపులా నిమిరి, గుండె మీద చేయి వేసుకుని ఊపిరి పీల్చుకున్నారు. మర్నాడు మేస్త్రీ కర్తవ్యదీక్షను ఘనంగా పొగిడి, కొత్త జెండా బహూకరించారు.

తమ్ముడు వంటింటి గడప మీద కూర్చుని ఇదంతా బావగారి గొంతుతో వినిపిస్తే, అక్క కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. నవ్వుతూనే అతని చొక్కా చిరుగు చూసింది. చిరుగు కింద మోచేయి చెక్కుకుపోయి ఉంది. కుట్టిపెడతానని చొక్కా విప్పించింది గాని, సూదిలో దారం ఎంతకీ ఎక్కలేదు.

భోజనాల దగ్గర భర్తతో మెల్లిగా ఎత్తింది. "లారీని మావాడి వెనక పెట్టకూడదాండీ?"

"వెనక పెడితే ఎవడైనా గుద్దడూ?"

"గుద్దించుకోడానికేగా కొన్నది?"

"కొత్తదోయ్ అది," అన్నాడాయన, అంతకు మించి ఇంకేం కావాలన్నట్టు.

ఆవిడ వాదన మానేసింది. కాలేజీ చదువు ఆవిడకు నేర్పనిది, కాపురం నేర్పింది.

ఏడాది తిరిగింది. లారీకి గీత పడని సంవత్సరం పూర్తయిన శుభసందర్భంలో, పని జరిగే రోడ్డు మీదే సన్మానసభ ఏర్పాటైంది. ఆ ఉదయం చొక్కా ఇస్త్రీ చేస్తూ ఆవిడ అంది: "ఫొటోలో మీ వెనక లారీ ఉంటే ఎంత నిండుగా ఉంటుందో. పనివాళ్ళు అటూ ఇటూ, మావాడు మీ పక్కన." ఆఫీసు చేరేసరికి అది అధికారిగారి సొంత ఆలోచన అయిపోయింది. జీవితంలో మొదటిసారి లారీ తన స్థానంలో నిలబడింది.

"మన సిబ్బంది ఈ వాహనానికి తమ ప్రాణాలు అడ్డుపెట్టి..." అని అధికారిగారు అందుకున్నారో లేదో, ఫోను చూసి నవ్వుకుంటూ వస్తున్న వ్యాను డ్రైవరు ఒకడు నేరుగా వచ్చి మెత్తను గుద్దాడు. మెత్త మడతలు మడతలుగా ముడుచుకుపోయింది. లారీ ఒక్కసారి ఊగి నిలదొక్కుకుంది. డ్రైవరు ఫోనుతో సహా క్షేమంగా దిగాడు. ఫొటోగ్రాఫరు సరిగ్గా అప్పుడే మీట నొక్కాడు కాబట్టి, బావగారు బావమరిది నడుము కావలించుకున్న చిత్రం శాఖ చరిత్రలో మిగిలింది.

అధికారిగారు తేరుకుని, మనుషుల వంక చూడకుండా మెత్త దగ్గరికి పరుగెత్తారు. అక్కడినుంచే కంపెనీకి ఫోను కలిపారు. "మొదటి దెబ్బకే నలిగిపోయిందయ్యా. నాసిరకం సరుకు అంటగట్టారు."

అటువైపు గొంతు మర్యాదగా అంది. "దాన్ని చేసిందే అందుకండీ. మనుషులెలా ఉన్నారు?"

జవాబు చెప్పడానికి ఆయన వెనక్కి తిరిగి చూడవలసి వచ్చింది. అందరూ ఉన్నారు. బావమరిది దుమ్ము దులుపుకుంటూ, ఊడిన చెప్పు కోసం వెతుక్కుంటున్నాడు. అధికారిగారు ఫోను జేబులో పెట్టుకుని, తానూ వంగి చెప్పు వెతకసాగారు.

సాయంత్రం వాన పట్టుకుంది. ఇల్లాలు గుమ్మంలో నిలబడి చూస్తే, సందు మలుపులో ఇద్దరూ వస్తున్నారు. కొత్త గొడుగు తెరిచి ఉంది. అది తమ్ముడి తల మీద ఉంది, తడుస్తోంది.

లోపలికి వచ్చి ఆయన గొంతు సవరించుకున్నాడు. "పరిశీలించి చూడగా, వాహనాన్ని నిలిపే విషయంలో స్వల్పమైన లోపం..."

"బావా, ఇది ఇల్లు," అన్నాడు తమ్ముడు. "మామూలు మాటల్లో చెప్పు."

ఆయన తడిసిన గొడుగును మూలన ఆనించాడు. "తప్పు నాదేరా. నిన్ను అక్కడ నిలబెట్టకుండా ఉండాల్సింది."

ఇల్లాలు కళ్ళు తుడుచుకుని, టీ పెడతానని వంటింట్లోకి పోయి, అలవాటు కొద్దీ అంచు విరిగిన గ్లాసులే తీసింది. భర్త అద్దాల బీరువా వైపు చూశాడు.

"ఆ కప్పులు ఎవరికోసమోయ్?"

"అతిథులు వస్తే ఇద్దామనీ..."

"ఇన్నేళ్ళలో ఎవరూ రాలేదా?"

వచ్చారు. ఆవిడ ఒక్కొక్కరినీ గుర్తు చేసుకుంది. ఎవరూ ఆ కప్పులకు తూగలేదు.

"కొత్తవండీ అవి," అంది.

బావా బావమరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇక్కడ మీరూ నవ్వవచ్చు, మీ చేతిలోని కవరు తొడిగిన రిమోట్‌ను జాగ్రత్తగా పక్కన పెట్టి.

ఆవిడ బీరువా తాళంచెవి కోసం పోపుల డబ్బాల వెనక వెతికింది, పరుపు కింద వెతికింది, ట్రంకుపెట్టె అడుగున వెతికింది. ఎంత భద్రంగా దాచిందంటే తనకే దొరకలేదు. టీ పొంగి పొయ్యి మీద పడింది. చివరికి ఖాళీ చేతులతో వచ్చి వాళ్ళ ఎదుట నిలబడింది.

"సరే," అంది పైకే. "నాదీ తప్పే."