ఆమ్‌స్టర్‌డామ్‌కి కుక్కర్ మరిచిపోకండి!

యూరప్ వెళ్లేవాళ్లకి పాస్‌పోర్టు కన్నా రైస్ కుక్కర్ ముఖ్యం. పాస్‌పోర్టు పోతే ఎంబసీవాళ్లు ఇంకోటి ఇస్తారు. కుక్కర్ పోతే ఎవరిస్తారండీ?

నవ్వకండి! మేం మొదటిసారి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తున్నామనగానే సిడ్నీ కెల్లీవిల్‌లో మా వీధి తెలుగువాళ్లు అడిగింది ఒక్కటే: "కిచెన్ ఉందా?" ఉంది. మా ఆయన ఆనందరావుగారు అది చూసే అపార్ట్‌మెంట్ బుక్ చేశారు. కాలువ ఒడ్డున, నిచ్చెనలాంటి మెట్లెక్కి పైకి వెళ్తే కిచెన్. సూట్‌కేసులో కుక్కర్, దాని కడుపులో కందిపప్పు, ఆ పప్పు మధ్యలో గోంగూర పచ్చడి సీసా. మిగిలిన సందులో నా బట్టలు కుక్కుకున్నాను.

కుక్కర్ వెంట ఉంటే ఊరు తిరిగి కాళ్లు నొప్పి పుట్టే బాధ ఉండదు. పొద్దున ఏదో మ్యూజియం గుమ్మం దాకా వెళ్తామో లేదో, ఆయన గడియారం చూసుకుంటారు. "రత్నా, ఇంటికెళ్లి వేడన్నం తినేసి వద్దాం. ఈ బ్రెడ్డు నాకు అరగదు, తెలుసుగా?" తెలియకేం! "డాడ్, జస్ట్ ఈట్ సమ్ చిప్స్!" అని మా అబ్బాయి ఆర్యన్ గొణుగుతాడు. సిడ్నీలో పుట్టినవాడు, వాడికి చారు విలువ ఏం తెలుస్తుంది?

ఇక వ్యూ సంగతి. నేను ఆ ఊరు వెళ్లిందే కాలువలో పడవెక్కడానికి. ఏడాదిగా ఇంట్లో అదే గోల పెట్టాను. తీరా పడవ టైముకి స్టవ్ మీద పప్పు! కుక్కర్ దానంతట అది ఆగుతుంది, పప్పు ఆగదు కదా? "నువ్వు రేపు ఎక్కుదువుగాని" అని తండ్రీకొడుకులు వెళ్లిపోయారు.

అయితేనేం? సింకు ముందు కిటికీ, కిటికీ కింద కాలువ. పడవలన్నీ నా ముందునుంచే! నైటీ మీద టవల్ వేసుకుని గిన్నెలు తోముతుంటే టూరిస్టులు చేతులూపారు, ఫొటోలు తీశారు. ఊరు చూడ్డానికి వెళ్లి, ఆ ఊళ్లో చూడదగ్గ వస్తువైపోయే అదృష్టం ఎంతమందికి పడుతుంది చెప్పండి?

అంతలో ఒక పడవలోంచి తెలిసిన గొంతు.

"రత్నా! పప్పు దించేశావా?"

పడవంతా తలెత్తి చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది. దించేశానని చెప్పాను.

ఆ "రేపు" వచ్చేసరికి మా తిరుగు ప్రయాణం దగ్గరపడింది. ఆ రోజూ బియ్యం కడిగి కుక్కర్‌లో పోశాను. మన ఆస్ట్రేలియా ప్లగ్గు అక్కడి గోడకి పట్టదు, మధ్యలో అడాప్టర్ ఉండాలి. ఆ అడాప్టర్ కాస్తా హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని, "పాలు తెస్తానండీ" అని మెట్లు దిగాను.

పడవ కదిలింది. నీళ్ల మీద ఎండ, వంతెన కింద చల్లదనం. ఎంత బాగుందో! చెప్పొద్దూ, కళ్లలో నీళ్లు తిరిగాయి.

మా కిటికీ వచ్చింది. అందులో మా ఆయన, చేతిలో ప్లగ్గు.

"రత్నా! అడాప్టరేదీ?"

పక్కనున్న టూరిస్టులు ఆయన్ని ఫొటోలు తీశారు. నేను కూడా నవ్వుతూ చెయ్యూపాను.

ఇంటికొచ్చేసరికి తండ్రీకొడుకులు చిప్స్ తింటున్నారు. ఆయనకి శుభ్రంగా అరిగింది.

అందుకే చెబుతున్నాను, యూరప్‌కి కుక్కర్ తప్పకుండా తీసుకెళ్లండి. అడాప్టర్ మాత్రం మీ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోండమ్మా!