వెంకట్రాజం కోసం తవ్విన గుంతలు

ఆ రోజు పొద్దున శ్రావ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా రావికుంట చేరాలి. చేతిపంపు పక్కన ఒక ఇంకుడు గుంతకు ముగ్గు పోయాలి. మూడింటికి ఎంపీడీవో వచ్చేలోగా దాన్ని తవ్వించి, పక్కన నిలబడి ఫొటో దిగాలి. అంతే.

రావికుంట పంచాయతీకి ఇచ్చిన లక్ష్యం ఇరవై గుంతలు. తవ్వినవి సున్నా. కనీసం ఒక్కటి చూపిస్తే మెమో తప్పుతుందేమోనని కార్యదర్శిగా ఆమె ఆశ. ఇంకో రెండు నెలల్లో ఉద్యోగం పర్మనెంటు కావాలి. ఈలోపు మెమో పడితే ఆ ఫైలు ఎవరి బల్ల కింద పడుకుంటుందో తెలియదు. నెల్లికుదురులో ఆమె నాయిన బిడ్డ పర్మనెంటైతే ఆమె ఎత్తు బెల్లం సమ్మక్కకు ఇస్తానని మొక్కుకుని, వారానికోసారి ఫోన్ చేసి "ఎంతదాక వచ్చింది బిడ్డా?" అని అడుగుతున్నాడు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. అందుకే ఏ పనైనా కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెడితేనే జరిగినట్టని ఆమెకు గట్టి నమ్మకం.

గుంతలు కావాలన్నవాళ్లకు ఊళ్లో కొదవ లేదు. ఆడవాళ్లు ఇచ్చిన దరఖాస్తులు ఫైల్లో పందొమ్మిది ఉన్నాయి. లేనిది తవ్వేవాళ్లే. పత్తి ఏరే రోజులు కావడంతో పనిచేసేవాళ్లంతా చేన్లకు పోయారు. మిగిలిన మగవాళ్లు గౌస్ చాయ్ హోటల్ బెంచీల మీద ఉన్నారు. వాళ్లకూ తీరిక లేదు. వెంకట్రాజం ఏమయ్యాడో తేల్చాలి.

వెంకట్రాజం మూడేళ్ల క్రితం ఒక పొద్దున జనగామ పోయొస్తానని సైకిలెక్కి పోయి, తిరిగి రాలేదు. తాళం వేసిన సైకిల్ జనగామ బస్టాండులో దొరికింది. తాళంచెవి దొరకలేదు. పోలీసులు అక్కడ ఆగారు. ఊరు ఆగలేదు.

"భూపాలపల్లిల ఆయనకు ఇంకో సంసారం ఉందన్న. బొగ్గుబాయి కాడ కిరాణం పెట్టుకున్నడు. మా బామ్మర్ది కండ్లార చూసిండు."

"మీ బామ్మర్దికి పొద్దుగూకితే కండ్లు కనవడయి. కాళేశ్వరంల గడ్డం పెంచుకొని గోదాట్ల మునుగుతున్నడట. మహబూబాబాద్ టేషన్ల రైలెక్కంగ చూసినోళ్లున్నరు."

గౌస్ చాయ్ వడపోస్తూ తల అడ్డంగా ఊపేవాడు. "భూపాలపల్లి లేదు, కాళేశ్వరం లేదు. ఆయన ఊర్లనే ఉన్నడు. భూమి లోపల." ఆ మాటతో అందరి చూపులూ ధర్మా ఇంటివైపు తిరిగేవి. వెంకట్రాజం పోవడానికి ముందురోజు చేను గెట్టు దగ్గర ధర్మా అతనితో గట్టిగా పోట్లాడాడు. ఆ ఒక్క పోట్లాటకు మూడేళ్లుగా ధర్మా హోటల్లో చాయ్ తాగలేకపోతున్నాడు.

శ్రావ్య చేతిపంపు దగ్గర టేపు పరిచింది. పంచాయతీ ట్రాక్టర్ డ్రైవర్ ప్రకాశ్ రెండో కొస పట్టుకున్నాడు. తెల్లటి ముగ్గుపిండితో నేల మీద నాలుగు గీతలు పడ్డాయి. రోడ్డవతల నుంచి గౌస్ జాలిగంటె చేతిలో పట్టుకునే వచ్చాడు.

"ఏంది మేడం గిది?"

"గుంత అన్న."

"ఎంత పొడుగు?"

"ఆరడుగులు. వెడల్పు నాలుగు."

గౌస్ కాసేపు ఆ గీతల్ని చూశాడు. "ఆయన అయిదడుగుల పది ఉంటుండె," అని మెల్లగా అని వెళ్లిపోయాడు. శ్రావ్య మనసు గుంతలో పోయాల్సిన కంకర మీద ఉంది. ఆ మాట చెవిలో పడింది గాని లోపలికి పోలేదు.

పావుగంటలో ఊరి వాట్సాప్ గ్రూపులోకి ఆ గీతల ఫొటో వచ్చింది. కింద మూడు ప్రశ్నార్థకాలు తప్ప ఒక్క అక్షరం లేదు. ఆ తర్వాత దండం పెట్టిన చేతులు ఇరవై ముప్పై వచ్చాయి. ఆ గుంత వెంకట్రాజాన్ని వెతకడానికేనని హోటల్లో అనుకుంటున్నారని ప్రకాశ్ చెప్పాడు. శ్రావ్య వెంటనే పద్ధతి ప్రకారం ఒక ప్రకటన రాసి గ్రూపులో పెట్టింది:

"రావికుంట ప్రజలకు తెలియజేయునది ఏమనగా, చేతిపంపు వద్ద తవ్వబోవు గుంతకును, శ్రీ వెంకట్రాజం గారి ఆచూకీకిని ఎట్టి సంబంధము లేదు. పుకార్లు నమ్మరాదు. ఇట్లు, పంచాయతీ కార్యదర్శి."

అప్పటిదాకా నమ్మినవాళ్లు హోటల్లో ఉన్న పదిమందే. ప్రకటన చదివాక ఊరంతా నమ్మింది.

"మనం ఆయన పేరు తీసినమా? తియ్యలే. మేడమే తీసింది!" అన్నాడు గౌస్, ఫోన్ అందరికీ చూపిస్తూ. "సంబంధం లేకుంటే సంబంధం లేదని ఎందుకు రాస్తది?"

పదకొండింటికి పత్తిచేన్లు ఖాళీ అయ్యాయి. ఒళ్లో పత్తి ఒళ్లోనే ఉండగా ఆడవాళ్లు, పాలబిందెలతో పాలవాళ్లు, పక్క తండా నుంచి రెండు ఆటోల జనం చేతిపంపు చుట్టూ మూగారు. ప్రకాశ్ పార కింద పడేశాడు.

"నేను తవ్వ మేడం. ఎముక తగిలిందంటే నాకు జరం వస్తది."

"అన్నా, గిది ఇంకుడు గుంతనే! నీకు తెల్వదా? టేపు పట్టింది నువ్వే గద!"

"నాకు తెలుసు మేడం. ఎముకకు తెల్వదు గద."

అప్పుడే పోలీస్ స్టేషన్ నుంచి కానిస్టేబుల్ మాజిద్ ఫోన్ చేశాడు. శ్రావ్య చేతుల నిండా ముగ్గుపిండి ఉండడంతో స్పీకర్ పెట్టింది.

"ఏం మేడం, మీ ఊర్లె ఏదో తవ్వుతున్నరట?"

"ఇంకుడు గుంత సార్. గంతే."

"గుంతకు మమ్మల్ని అడుగుడేంది? తవ్వుకోండ్రి!"

జనానికి కావలసింది ఆ చివరి మాటే. "పోలీసులే తవ్వుమన్నరు!" అని ఒక కేక లేచింది. శ్రావ్య "అది కాదు, వినుండ్రి" అంటూనే ఉంది. ఆ గోలలో ఆమె మాట ఆమెకే వినిపించలేదు.

జనాన్ని తోసుకుంటూ ధర్మా వచ్చాడు. భుజం మీద గడ్డపార. "జరుగుండ్రి! నేనే తవ్వుత. ఏం లేదని తేలితే మూడేండ్ల నింద పోతది. అటెనుక గౌసన్నా, నువ్వే నాకు చాయ్ పొయ్యాలె."

పూనకం వచ్చినట్టు తవ్వాడు. వెనక ఒకాయన పక్కవాడి చెవిలో, "ఎంత లోతుల ఉందో తెలిసినట్టే తవ్వుతున్నడు చూడు," అన్నాడు. అడుగు లోతున గడ్డపారకు ఏదో మెత్తగా తగిలింది. జనం ముందుకు తోసుకొచ్చారు. ధర్మా వంగి తీశాడు. ఎడమకాలి చెప్పు.

"యా అల్లా," అన్నాడు గౌస్.

"అల్లాను ఎందుకు పిలుస్తవ్? గది నా చెప్పు," అంది గౌస్ భార్య గుల్షన్ బేగం ముందుకొచ్చి. "నాలుగేండ్ల కింద కుక్క మీదికి ఇసిరినవ్. అప్పటిసంది వెతుకుతున్న."

నాలుగడుగుల లోతు దాకా ఇంకేమీ దొరకలేదు. ధర్మా చెమట తుడుచుకుని గర్వంగా చుట్టూ చూశాడు. జనంలో మాత్రం ఎవరికీ కుదురు లేదు. ఇంతదూరం వచ్చి ఉత్త చెప్పు చూసి ఎట్లా పోతారు?

జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. వెంకట్రాజం భార్య సులోచన వచ్చింది. మెమో, పర్మనెంటు, బెల్లం, అన్నీ ఒక్కసారి శ్రావ్య మనసులోంచి జారిపోయాయి. ఈమె ముందే ఈమె భర్త పేరు మీద గుంత తవ్వించినట్టయింది గదా అన్న ఒక్క మాటే మిగిలింది. "అక్కా, నేను…" అని మొదలుపెట్టింది.

సులోచన గుంతలోకి ఒకసారి చూసి, జనంవైపు తిరిగింది.

"మూడేండ్ల సంది ఆయన గురించి మీలమీరే చెప్పుకుంటున్నరు. నన్ను ఒక్కరన్న అడిగిండ్రా?"

గౌస్ జాలిగంటె వెనక్కి దాచుకున్నాడు. "తప్పయింది అక్కా. చెప్పు. నీకెక్కడ అనుమానం?"

సులోచన కొంచెం ఆలోచించింది. "మా గడప ముందట. తానం నీళ్లు ఆగే జాగ లేదా? అక్కడ."

శ్రావ్య చంకలో ఉన్న ఫైలు బరువెక్కింది. అందులో మూడో దరఖాస్తు సులోచనదే. 'గడప ముందు నీళ్లు నిలిచి బురద అగుచున్నది, కావున ఇంకుడు గుంత ఇప్పించగలరు.' రెండేళ్ల నాటి తేదీ. ఉన్న నిజం చెప్పడం తన విధి అని ఆమె నోరు తెరిచింది. సులోచన ఆమెవైపు ఒక్క చూపు చూసింది. శ్రావ్య నోరు మూసుకుని, ముగ్గుపిండి డబ్బా ఎత్తుకుని ముందు నడిచింది.

"ఎంత పొడుగు మేడం?" అని అరిచాడు ధర్మా.

"ఆరడుగులు," అంది శ్రావ్య. "వెడల్పు నాలుగు."

అరగంటలో ఆ గుంత అయింది. వెంకట్రాజం దొరకలేదు గాని, నిలిచిన నీళ్లు గుటగుటమని గుంతలోకి దిగిపోయాయి. అది చూసిన గుల్షన్ బేగం కొంగు సర్దుకుంది.

"నాకు గూడ ఒక అనుమానం ఉంది. మా నల్లా కాడ."

గౌస్ అదిరిపడ్డాడు. "మన నల్లా కాడనా? నాకెన్నడు చెప్పలే!"

"నువ్వు ఎన్నడు విన్నవ్?"

జనం మొత్తం గౌస్ వైపు తిరిగింది. భూమి లోపల ఉన్నాడని మూడేళ్లుగా చెబుతున్నది అతనే. ఇప్పుడు తవ్వనంటే ఏమవుతుందో అతనికంటే బాగా తెలిసినవాళ్లు లేరు. జాలిగంటె పక్కన పెట్టి పార అందుకున్నాడు.

ఆ తర్వాత భద్రమ్మకు తన పశువుల కొట్టం వెనక ఏదో కలలో కనిపించిందని గుర్తొచ్చింది. పక్కింటామెకు వంటింటి మూల కుక్క మొరిగిన సంగతి గుర్తొచ్చింది. ఒక్కొక్క అనుమానం ఫైల్లో ఒక్కొక్క దరఖాస్తుతో అంగుళం తేడా లేకుండా సరిపోయింది. శ్రావ్య వరసగా టిక్కులు పెడుతూ ముగ్గు పోస్తూ పోయింది. ఊళ్లో ఉన్న ప్రతి గడ్డపార, ప్రతి పార, బెంచీల మీది ప్రతి మనిషి నేల మీదికి వంగాయి. ప్రకాశ్ ఎముకల భయం మరిచి ట్రాక్టర్‌తో కంకర తోలాడు.

మూడింటికి వస్తానన్న ఎంపీడీవో అయిదింటికి వచ్చాడు. మెమో టైపు చేయించి జేబులో పెట్టుకునే వచ్చాడు. ఊరంతా తిరిగి లెక్కపెట్టాడు. ఇరవై. మళ్లీ లెక్కపెట్టాడు. ఇరవయ్యే.

"ఇంతమందిని ఎట్ల కదిలించినవమ్మా?"

శ్రావ్య నోరు తెరిచేలోపే, తల దాకా మన్ను అంటిన ధర్మా గుంతలోంచే అన్నాడు. "మనిషి కోసం సార్. మా ఊరి మనిషి కోసం."

ఎంపీడీవో కళ్లు చెమర్చాయి. "నీళ్ల కోసం అనలేదు చూడు, మనిషి కోసం అన్నడు!" అని ఆ మాట డైరీలో రాసుకున్నాడు. మెమో జేబులోనే ఉండిపోయింది.

పొద్దువాలుతుంటే శ్రావ్య సులోచన ఇంటి ముందు ఆగింది. గడప ముందు నేల ఆరుతోంది. సులోచన చీపురుతో ఊడుస్తోంది.

"అక్కా, నా మీద కోపం లేదు గద?"

"కోపమెందుకు బిడ్డా? సైకిల్ తాళంచెవి ఆయన కాడనే ఉన్నది. ఎన్నడో ఒకనాడు వస్తడు." ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది. "వచ్చిననాడు బురద తొక్కకుంట లోపలికి రావాలె గద."

మర్నాడు హోటల్లో ధర్మాకు చాయ్ గౌసే పోశాడు. ఇరవై గుంతల్లోనూ లేడు కాబట్టి వెంకట్రాజం భూపాలపల్లిలోనే ఉన్నాడని ఆ బెంచీ ఏకగ్రీవంగా తేల్చింది. రావికుంట తరహాలో ప్రజలను కదిలించాలని మండలంలోని కార్యదర్శులందరికీ మెసేజ్ పోయింది. తొమ్మిదింటికి శ్రావ్యకు పక్క ఊరి కార్యదర్శి ఆకాష్ ఫోన్ చేశాడు. గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

"అక్కా, మాకు ఇరవై అయిదు గుంతలు. నువ్వు చేసినట్టే చేద్దామని పొద్దటిసంది తప్పిపోయినోళ్ల కోసం ఇల్లిల్లు తిరుగుతున్న. మా ఊర్లె అందరు ఇండ్లల్లనే ఉన్నరక్కా!"